మంచుదేశపు వైద్యులు చెబుతున్న మాట



ఆసుపత్రి అనగానే మనకు తోచేది జబ్బు బాగుచేసే చోటు. మంచం పట్టి వెళ్ళినవాడు తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వచ్చే చోటు. అలాంటి ఆసుపత్రి వల్లనే కొత్త జబ్బులు పుట్టుకొస్తున్నాయని ఎవరైనా అంటే మనం వెంటనే నమ్మం. కాని ఈ మాట అంటున్నవారు ఆసుపత్రుల్లో రాత్రింబవళ్ళు పనిచేసే వైద్యులే. అందులోనూ భూమికి ఉత్తరపు అంచున, ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కప్పుకొని ఉండే మారుమూల ఊళ్ళలో సేవ చేసే వైద్యులు ఈ సంగతి గట్టిగా చెబుతున్నారు.

నేను వైద్యుడిని కాను. పల్లె సంఘాల్లో తిరిగే పాస్టరును. అయితే మా పనిలో సగం రోగుల మధ్యనే గడుస్తుంది. మా వాళ్ళను పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి, రాత్రి వరండాలో దుప్పటి పరచుకొని పడుకొన్న రోజులు లెక్కలేనన్ని. అందుకేనేమో, ఆ మంచుదేశపు వైద్యులు దూరం గురించి రాసినవి చదివినప్పుడు అవి నాకు పరాయి మాటలుగా తోచలేదు. భూమికి భారం తగ్గించే వైద్యమూ, రోగికి భారం తగ్గించే వైద్యమూ చాలాసార్లు ఒకటేననీ, అది ఇంటికి దగ్గరగా దొరికే వైద్యమేననీ వారి అనుభవం చెబుతోంది. వారు ఆ మాటకు ఎలా వచ్చారో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆసుపత్రి పొగ

ముందుగా లెక్క చూద్దాం. ఆసుపత్రికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. మందులు, పరికరాలు ఎక్కడో తయారై ఓడల్లో, లారీల్లో రావాలి. తొడుగులు, సూదులు, గొట్టాలు, సంచులు చాలావరకు ఒక్కసారి వాడి పారేసేవే. వీటన్నిటి వెనుక ఎక్కడో ఒకచోట బొగ్గో, డీజిలో, పెట్రోలో కాలుతుంది. అలా కాలినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు, దానితో పాటు మరికొన్ని వాయువులు భూమిని వేడెక్కిస్తాయి.

2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం, ప్రపంచంలో భూమిని వేడెక్కించే వాయువుల్లో 4.4 శాతం వైద్యరంగం నుండే వస్తున్నాయి. కెనడా దేశపు లెక్కలు 2018లో ప్రచురించారు. ఆ దేశంలో వైద్యం కారణంగా ఏటా 3 కోట్ల 30 లక్షల టన్నుల వాయువులు వెలువడుతున్నాయట. అంటే దేశం మొత్తం మీద 4.6 శాతం. వాటితో పాటు వచ్చే కాలుష్యం వల్ల కెనడా ప్రజలు కోల్పోతున్న ఆరోగ్యకరమైన జీవితకాలాన్ని కలిపితే ఏటా 23,000 సంవత్సరాలు అవుతుందని ఆ పరిశోధకులు తేల్చారు. ఒక చేత్తో నయం చేస్తూ, మరో చేత్తో తెలియకుండానే హాని చేస్తున్నామా అన్న ప్రశ్న వైద్యులకు అక్కడ పుట్టింది.

ఈ ప్రశ్న ఉత్తరాదివారికి మరీ దగ్గరది. ఉత్తర ధ్రువ ప్రాంతం 1979 నుండి మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. అక్కడి మూలవాసులైన ఇన్యూట్లు, డెనేలు కార్లతోనో కార్ఖానాలతోనో ఈ వేడిని తెచ్చినవారు కారు. సముద్రం మీద వేటాడి, అడవిలో పండ్లు ఏరుకొని బ్రతికినవారు. తప్పు చేయనివారి వాకిట్లోకే దాని ఫలితం ముందుగా వచ్చింది.

పొగ కమ్మిన వేసవి

కెనడా వాయవ్య ప్రాంతాలకు ముఖ్యపట్టణం ఎల్లోనైఫ్. 2014 వేసవిలో దాని చుట్టూ ఉన్న అడవులు తగలబడ్డాయి. ఒక రోజు కాదు, వారం కాదు, సుమారు రెండున్నర నెలలు ఆ పట్టణం పొగలో మునిగింది. ఆరుబయట ఆడుకోవలసిన పిల్లలు, పండ్లు ఏరుకోవడానికి వెళ్ళవలసిన పెద్దలు ఇళ్ళలోనే తలుపులు బిగించుకొని కూర్చున్నారు. సంవత్సరంలో వారికి దొరికేదే కొద్దిపాటి వేసవి; అది కాస్తా పోయింది.

అక్కడి ఆసుపత్రిలో అత్యవసర విభాగపు వైద్యురాలు డాక్టర్ కోర్ట్నీ హోవర్డ్, ఆమె తోటివారు ఆ వేసవి ఏమి చేసిందో లెక్క తీశారు. ఉబ్బసంతో అత్యవసర విభాగానికి వచ్చినవారు రెట్టింపయ్యారు. ఆయాసం తగ్గించే సాల్‌బ్యుటమాల్ మందు అమ్మకం 48 శాతం పెరిగింది. ఈ పరిశోధన 2021లో ప్రచురితమైంది. డాక్టర్ హోవర్డ్ పర్యావరణం కోసం కెనడా వైద్యులు పెట్టుకొన్న సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. భూమికి జ్వరం వచ్చినప్పుడు మనుషులకు ఆరోగ్యం ఉండదనీ, అది పర్యావరణవేత్తలకు వదిలేసే సంగతి కాదు, వైద్యులు పట్టించుకోవలసిన సంగతే అనీ ఆమె వాదం.

తొమ్మిదేళ్ళ తర్వాత సంగతి మరింత ముదిరింది. 2023 ఆగస్టు 16న మంటలు దగ్గరకు వస్తుండగా పట్టణంలోని సుమారు 20,000 మందిని ఖాళీ చేయమన్నారు. కార్లలో కొందరు, విమానాల్లో కొందరు దక్షిణానికి వెళ్ళిపోయారు. స్టాంటన్ ఆసుపత్రిలో మంచాల మీద ఉన్న రోగులను కూడా ఇతర రాష్ట్రాల ఆసుపత్రులకు తరలించారు. సెప్టెంబరు 6 నుండి గాని జనం తిరిగి రాలేదు. రోగులకు ఆశ్రయం ఇవ్వవలసిన ఆసుపత్రే ఆశ్రయం వెతుక్కొన్నది. ఒకప్పుడు భూమి వేడెక్కడం గురించిన మాటలు రేపటి సంగతిగా వినిపించేవి. మంచం మీది రోగిని విమానం ఎక్కించిన నర్సుకు అది ఆనాటి పని.

డబ్బాలోని చిక్కు

ఇక్కడొక చిక్కు ఉంది. ఆయాసం వచ్చినవారికి ఇచ్చే ఇన్‌హేలర్ డబ్బాను నొక్కితే మందు బుస్సున బయటికి వస్తుంది కదా. ఆ మందును నెట్టేది లోపలున్న ఒక వాయువు. సాధారణంగా వాడే ఆ వాయువు భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఒక డబ్బా ఖాళీ అయ్యేసరికి కారులో పదుల కిలోమీటర్లు తిరిగినంత భారం గాలిలో చేరుతుంది. అంటే భూమి వేడెక్కి అడవి తగలబడింది, ఆ పొగకు ఆయాసం వచ్చింది, ఆయాసానికి వాడిన డబ్బా మరికొంత వేడిని పెంచింది!

అందుకని కెనడాలోనూ, ఐరోపాలోనూ వైద్యులు వీలున్న రోగులకు పొడి రూపంలో పీల్చే మందు రాయడం మొదలుపెట్టారు. మన దేశంలో చాలామంది ఎరిగిన రోటాక్యాప్ అటువంటిదే. గొట్టంలో క్యాప్సూల్ పెట్టి, తిప్పి, గట్టిగా పీల్చేదానిలో నెట్టే వాయువు ఉండదు. అయితే చిన్నపిల్లలు, బాగా నీరసించినవారు అంత గట్టిగా పీల్చలేరు. వారికి డబ్బా తప్పదు, తప్పించకూడదు. ఎవరూ ఇది చదివి సొంతంగా మందు మార్చుకోవద్దని మనవి. మందు ఏదో నిర్ణయించవలసింది మీ వైద్యుడే.

ఆపరేషను గదిలోనూ ఇట్టి మార్పే వచ్చింది. మత్తు కోసం పీల్పించే డెస్‌ఫ్లూరేన్ అనే వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అదే పనిచేసే, ఇంతకంటే చాలా తక్కువ హాని గల మందులు ఉన్నాయి. స్కాట్లండు 2023లో తన ఆసుపత్రుల్లో డెస్‌ఫ్లూరేన్ వాడకం మానింది. ఐరోపా సమాఖ్యలో 2026 జనవరి 1 నుండి, వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప దాన్ని వాడకూడదన్న నిబంధన వచ్చింది. రోగికి ఏ లోటూ రాలేదు. భూమికి మేలు జరిగింది.

కాని ఉత్తరాది ఊళ్ళ వైద్యులను అడిగితే ఇవన్నీ మంచివే గాని అసలు భారం మరొకటి ఉందంటారు. దాని పేరు దూరం.

దారి లేని ఊళ్ళు

కెనడాలో నునావుట్ అనే ప్రాంతం ఉంది. విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి సుమారు 2 లక్షల 75 వేలు. ఇక అంత నేల మీద ఉన్న జనమెంత? 2021 లెక్కల్లో సుమారు 37,000. మన వైపు ఒక చిన్న పట్టణమంత! వారు 25 ఊళ్ళలో ఉంటారు. ఒక ఊరి నుండి మరో ఊరికి రోడ్డు లేదు. విమానమే దారి. కరెంటుకు ప్రతి ఊరిలోనూ డీజిల్ ఇంజన్లే ఆధారం. సముద్రం మీది మంచు కరిగే ఆ కొద్ది నెలల్లో ఓడలు వచ్చి ఏడాదికి సరిపడా నూనె దించి పోతాయి.

పూర్తిస్థాయి ఆసుపత్రి ముఖ్యపట్టణమైన ఇకాలుయిట్‌లో ఒక్కటే. మిగిలిన ఊళ్ళలో ఆరోగ్య కేంద్రాలను నడిపేది నర్సులే. వైద్యులు వంతులవారీగా వచ్చి పోతుంటారు. పెద్ద జబ్బయితే రోగి విమానమెక్కాలి. ఇకాలుయిట్ నుండి అట్టావాకు సుమారు 2,000 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి రైలులో పోయే దూరం కంటే ఎక్కువ. ఒక పరీక్ష కోసం, ఒక ఫోటో కోసం, పది నిమిషాలు స్పెషలిస్టుతో మాట్లాడటం కోసం ఇంత ప్రయాణం. ఆ విమానం కాల్చే నూనె ముందు ఆసుపత్రిలోని తొడుగుల లెక్క చాలా చిన్నది.

చెత్త సంగతీ అంతే. ఓడ మీద వచ్చినది తిరిగి ఓడ మీద పోదు. ఊరి చెత్తదిబ్బ మీదే మిగిలిపోతుంది. 2014 మే నెలలో ఇకాలుయిట్ చెత్తదిబ్బ లోలోపల అంటుకొని సెప్టెంబరు దాకా రగిలింది. గర్భిణులను, పసిపిల్లలను పొగకు దూరంగా ఉంచమని ఊరివారిని హెచ్చరించవలసి వచ్చింది. ఒక్కసారి వాడి పారేసే వస్తువు 'ఎక్కడికో' పోతుందని పట్నంలో ఉన్నవాడు అనుకోవచ్చు. ఆ ఊళ్ళలో ఆ 'ఎక్కడో' అనే చోటు కిటికీలోంచి కనిపిస్తుంది.

దూరం మోసిన గాయం

అయితే దూరాన్ని నూనె లెక్కలోనే చూస్తే మనం అసలు విషయం పోగొట్టుకొంటాము. ఇన్యూట్ ప్రజలకు వైద్యం కోసం దూరం పోవడం అంటే ఒక పాత గాయం.

1950ల్లో వారి మధ్య క్షయవ్యాధి విపరీతంగా వ్యాపించింది. 1950 నుండి సి.డి. హోవ్ అనే ఓడ ఏటా ఊరూరా ఆగేది. జనాన్ని ఓడ ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. జబ్బు ఉన్నదని తేలితే చాలామందిని మళ్ళీ ఒడ్డుకు దిగనివ్వక, అటునుంచి అటే దక్షిణాది శానిటోరియాలకు తీసుకుపోయేవారు. బిడ్డలకు చెప్పి రావడానికైనా వీలుండేది కాదు. 1956 నాటికి ప్రతి ఏడుగురు ఇన్యూట్లలో ఒకరు ఆ శానిటోరియాల్లో ఉన్నారు. భాష తెలియదు, తిండి పడదు. కొందరు నెలలు, కొందరు సంవత్సరాలు ఉన్నారు. కొందరు తిరిగి రాలేదు. ఎక్కడ పాతిపెట్టారో కూడా ఇంటివారికి తెలియలేదు. 2019 మార్చి 8న కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో ఇకాలుయిట్‌కు వచ్చి ఈ విషయమై ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. పోయినవారి సమాధులు వెతికే పని ఇన్యూట్లు చేపట్టారు. దానికి నానిలావుట్ అని పేరు. 'వారిని వెతుకుదాం' అని దాని అర్థం.

ఈ చరిత్ర చదివినప్పుడు మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె చివరి జబ్బులో పట్నం ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచాము. డాక్టర్లు మంచివారు, వైద్యానికి లోటు లేదు. అయినా ఆమె రోజురోజుకీ మాట తగ్గించుకొంది. ఎవరు చూడవచ్చినా ఒకటే అడిగేది: "గేదెకు నీళ్ళు పెట్టారా?" ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం, ఎన్ని రోజులకో, తనంతట తానే గంజి అడిగి తాగింది. అటుపైన మూడు వారాలు బ్రతికింది. ఆ మూడు వారాలూ ఆమె మా అమ్మలాగానే ఉంది. మందు చేసే పని మందు చేస్తుంది. సొంత ఇంటి మాట, సొంత ఇంటి ముద్ద చేసే పని వేరు. దక్షిణాది ఆసుపత్రిలో సీలు మాంసం కోసం, తమ భాషలో ఒక పలకరింపు కోసం అల్లాడిన ఇన్యూట్ ముసలివారిని అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే వివరణ అక్కరలేదు.

పువిర్నిటుక్ తల్లులు

ఈ దూరాన్ని తగ్గించి చూపించిన ఊరు ఒకటి ఉంది. కెనడాలో క్విబెక్ రాష్ట్రపు ఉత్తర భాగాన్ని నునావిక్ అంటారు. అక్కడ 14 ఊళ్ళు, వాటి మధ్య రోడ్లు లేవు. ఒకప్పుడు నెలలు నిండే సమయానికి గర్భిణులందరినీ విమానంలో దక్షిణాదికి పంపేవారు. భర్త దగ్గర ఉండడు, తల్లి దగ్గర ఉండదు. ఇంటి దగ్గర పెద్ద పిల్లలు అమ్మ కోసం ఏడుస్తుంటారు. నొప్పులు వచ్చేదాకా, పరాయి ఊరిలో, వారాల తరబడి ఎదురుచూపు. క్షేమం కోసమే అలా పంపేవారు, నిజమే. కాని ఆ తల్లులు, ఊరి పెద్దలు ఒక ప్రశ్న అడిగారు: "మా తాతమ్మలకు ఇక్కడ కాన్పు చేసిన మంత్రసానులు లేరా?"

1986లో హడ్సన్ అఖాతం ఒడ్డున పువిర్నిటుక్ అనే ఊరిలో కాన్పుల కేంద్రం తెరిచారు. ఇన్యూట్ స్త్రీలకే అక్కడే, వారి భాషలోనే మంత్రసాని పని నేర్పించారు. ఆధునిక వైద్యమూ, అమ్మమ్మల అనుభవమూ రెండూ కలిపి నేర్పారు. తర్వాత 1998లో ఇనుక్జువాక్‌లో, 2004లో సాలుయిట్‌లో ఇటువంటి కేంద్రాలే వచ్చాయి. ప్రతి గర్భిణి పరిస్థితినీ నెలలు నిండకముందే మంత్రసానులు, వైద్యులు, నర్సులు కూర్చొని పరిశీలిస్తారు. ప్రమాదం ఉందనుకొన్నవారిని ముందే దక్షిణానికి పంపుతారు. మిగతావారు ఊరిలోనే ఉంటారు.

ఫలితం? 2000 నుండి 2007 వరకు నమోదైన 1,372 కాన్పుల్లో 86 శాతం నునావిక్‌లోనే జరిగాయి. ఆ ఊళ్ళలో కాన్పు ఆపరేషను చేసే సౌకర్యం లేకపోయినా తల్లుల, బిడ్డల క్షేమం విషయంలో ఫలితాలు చక్కగా ఉన్నాయని ఆ పరిశోధన తేల్చింది. అన్ని వందల ప్రయాణాలు తప్పాయి. పానుకు పోయే విమానపు నూనె మిగిలింది. కాని పువిర్నిటుక్ వారు దీన్ని భూమి కోసం మొదలుపెట్టలేదు. బిడ్డ తన ఊరిలో, తన వారి చేతుల్లో పుట్టాలని మొదలుపెట్టారు. భూమికి మేలు దాని వెంట వచ్చింది.

ఈ సంగతి నాకు చాలా నచ్చింది. మన్యంలో డోలీ మీద గర్భిణిని మోసుకొచ్చే దృశ్యాలు పత్రికల్లో చూసే మనకు దీని విలువ తెలుసు. మంచి మంత్రసాని ఊరిలో ఉంటే ఎన్ని భుజాల మీది బరువు తగ్గుతుందో మోసిన భుజానికి తెలుసు.

చూపు పోగలిగితే మనిషి పోనక్కరలేదు

స్వీడన్ ఉత్తరాన ఊమియో పట్టణంలో విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఉంది. చుట్టూ ఎంతో దూరాన ఊళ్ళు. చేతికి ఆపరేషను అయినవారికి నేర్పే వ్యాయామాలు, మాట సరిగా రానివారికి ఇచ్చే శిక్షణ టీవీ తెర మీద ముఖాముఖిగా ఇస్తే ఎలా ఉంటుందని అక్కడివారు చూశారు. 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం, రోగిని ఆసుపత్రికి రప్పించడంతో పోలిస్తే గాలిలో చేరే వాయువులు 40 నుండి 70 రెట్లు తగ్గాయి. రోగికి రోజంతా ప్రయాణం తప్పింది.

అలాస్కా మరొక దారి చూపింది. 1950ల్లో క్షయ మందులు పంచడానికి ఊరివారినే కొందరిని నియమించారు. అది 1968 నాటికి పూర్తి కార్యక్రమమయింది. ఇప్పుడు 170కి పైగా గ్రామాల్లో సుమారు 550 మంది ఆరోగ్య సహాయకులు ఉన్నారు. మన ఆశా కార్యకర్తల్లాగా వారూ ఆ ఊరి బిడ్డలే. కాని వారికి ఇంకా ఎక్కువ శిక్షణ ఇస్తారు. దూరాన ఉన్న వైద్యుని సలహా మీద పరీక్ష చేసి మందు కూడా ఇస్తారు. చెవి నొప్పితో వచ్చిన పిల్లవాడి చెవి లోపలి ఫోటో తీసి వైద్యునికి పంపుతారు. విమానం ఎవరికి అవసరమో, ఎవరికి అక్కరలేదో ఆ ఫోటో చెబుతుంది.

కరెంటు విషయంలోనూ కొన్ని ఊళ్ళు మేలుకొన్నాయి. యూకాన్ ప్రాంతంలో ఓల్డ్ క్రో అనే చిన్న ఊరు 2021లో సూర్యరశ్మి పలకలు పెట్టుకొని వేసవి ఎండలో డీజిల్ ఇంజన్లను ఆపగలిగింది. ఇందాక చెప్పిన ఇనుక్జువాక్ ఊరివారు తమ నది మీద 2023లో జలవిద్యుత్తు తెచ్చుకొన్నారు. బిడ్డ ఊరిలోనే పుడుతున్నది; ఊరికి వెలుగు ఊరి నదే ఇస్తున్నది.

వైద్యుల అభ్యంతరాలు

ఇదంతా చదివి, అక్కడి వైద్యులందరూ ఒకే గొంతుతో పచ్చని వైద్యం అంటున్నారనుకోవద్దు. వారికీ సందేహాలున్నాయి, అవి తీసిపారేసేవి కావు.

ఉన్నదే ఇద్దరు నర్సులు, వాళ్ళూ కొద్ది నెలల్లో మారిపోతారు. చెత్త వేరుచేసే పని కూడా వారి నెత్తినే పెడితే ఎలా? కడిగి, మరిగించి మళ్ళీ వాడే పరికరాలు మంచివే; కాని కడగడానికి నీళ్ళు, యంత్రం, మనిషి కావాలి కదా? తెర మీద వైద్యం బాగుంది. మరి ఇంటర్నెట్ తెగిపోయిన రోజున? పిల్లల వైద్యుల మాట ఇంకా లోతైనది. ఇన్యూట్ పసిపిల్లలు ఊపిరితిత్తుల జబ్బులతో ఆసుపత్రి పాలవడం చాలా ఎక్కువ. ఒకే చిన్న ఇంట్లో ఎందరో ఇరుకుగా ఉండటం దానికి ఒక ముఖ్య కారణం. అందరికీ సరిపడే ఇళ్ళు కట్టండి, ఎన్నో విమానాలు వాటంతటవే ఆగుతాయి అంటారు వారు. జబ్బు రాకుండా చూడటమే అన్నిటికంటే తక్కువ నూనె కాల్చే వైద్యం.

అన్నిటికంటే పెద్ద భయం మరొకటి. రేపు ఎవరో ఒక అధికారి లెక్కల పుస్తకం తెరిచి, "ఈ రోగి కోసం విమానం పంపితే ఇంత పొగ" అని ఆలోచిస్తాడేమో! అలా ఎన్నటికీ జరగకూడదు. గాయపడినవాడిని చూసిన సమరయుడు తన వాహనం మీద ఎక్కించుకొన్న తర్వాతనే ఖర్చు సంగతి మాట్లాడాడు. లోకంలో అందరికంటే తక్కువ పొగ పెట్టినవారికి, పొగ లెక్క చెప్పి వైద్యం తగ్గించడం కంటే అన్యాయం ఏముంటుంది? రాత్రి పురిటి నొప్పుల్లో రక్తం పోతున్న తల్లి కోసం విమానం ఎగరవలసిందే. ఎగరకుండా మిగలవలసినవి ఊరిలో మనిషి ఉంటే, తెర ఉంటే, ముందే చూసి ఉంటే అక్కరలేకపోయిన ప్రయాణాలు. తగ్గించవలసింది వ్యర్థాన్ని, వైద్యాన్ని కాదు.

మన వంతు

చదువరులారా, మంచుదేశం మనకు చాలా దూరం. కాని అక్కడి వైద్యులు నేర్చుకొన్న పాఠం మన గుమ్మం దాకా వస్తుంది.

కెనడా వైద్యులు 2014లో ఒక ఉద్యమం మొదలుపెట్టారు. అక్కరలేని పరీక్షలు, అక్కరలేని మందులు మానండి అన్నది దాని సారాంశం. మన పల్లెల్లో చూడండి. రెండు రోజుల జలుబుకు సూది వేయించుకోకపోతే వైద్యం జరిగినట్టే అనిపించదు. కాస్త నీరసమైతే సెలైన్ పెట్టించుకొంటేనే తృప్తి. వైద్యుడు వద్దన్నా మనమే బతిమాలతాము. ఆ సూది, ఆ గొట్టం, ఆ సీసా పొద్దుగూకేసరికి ఎక్కడికి పోతున్నాయి? కొన్నిచోట్ల ఊరి చివర కాలవగట్టు మీద చూస్తూనే ఉన్నాము. మన పిల్లలు అక్కడే ఆడుకొంటారు. అక్కరలేని సూదిని అడగకపోవడం ఖర్చు లేని పని. వాడి మిగిలిన సూదులు, మందులు ఆరోగ్య కేంద్రానికి తిరిగి ఇవ్వడమూ అంతే.

మరొకటి. మన ఊరి ఏఎన్ఎమ్మును, ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని చిన్నచూపు చూడకండి. దగ్గరున్నది తేలికైనదనీ, దూరమున్నది గొప్పదనీ మనకొక అలవాటు ఉంది. బి.పి. చూపించుకోవడానికి కూడా బస్సెక్కి పట్నం పోతాము. దగ్గరి కేంద్రంలో మందులు లేకపోతే, డాక్టరు రాకపోతే ఊరంతా కలిసి అడగండి. పువిర్నిటుక్ తల్లులు అడిగినట్టు అడగండి. వారు చదువుకొన్న పెద్దలు కారు, పలుకుబడి గలవారు కారు. బిడ్డను ఇంటి దగ్గర కనాలన్న కోరిక ఒక్కటే వారికి ఉన్న బలం. ఆ కోరిక ఒక కేంద్రాన్ని నిలబెట్టింది, ఆకాశంలో ఎన్నో విమానాలను ఆపింది. ఇప్పుడు దేశదేశాల వైద్యులు దాన్ని చూసి నేర్చుకొంటున్నారు.

ఈ నెలలో మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి ఒకసారి వెళ్ళి రండి. జబ్బు లేకపోయినా వెళ్ళండి. అక్కడ పనిచేసే అమ్మాయికి ఏమి కావాలో అడగండి. ఆమె చెప్పినది కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి పంచాయతీకి ఇవ్వండి.